ముందు గ్రామసభ, తరువాతే బాట

భామ్రాగడ్ అడవుల్లో భయం తగ్గుతోంది. ఇక యాత్రికులు వస్తారు. వారి కోసం దూరాలు నడిచే దారి వేయాలంటే మొదట ఎవరిని అడగాలి? ఎక్కడ ఆగాలి?

కాళేశ్వరం ఘాట్ మెట్ల మీద నిలబడితే ఎదురుగా కనిపించే ఒడ్డు మహారాష్ట్రది. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే ఆ చోటుకు అవతల సిరోంచ ఉంది. గడ్చిరోలి జిల్లాకు కొసన ఉన్న ఈ తాలూకాలో సంత బేరాలు తెలుగులోనే సాగుతాయి. అంకీస, అసరెల్లి వంటి ఊళ్లలో పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడతారు. అక్కడి నుంచి ఈశాన్యంగా అడవిలోకి వెళ్లేకొద్దీ తెలుగు పలచబడి మాడియా వినిపిస్తుంది. భామ్రాగడ్ చేరేసరికి చుట్టూ మాడియా గోండుల ఊళ్లే. పర్లకోట, పాముల గౌతమి నదులు ఇంద్రావతిలో కలిసే సంగమం అది. వానాకాలంలో పర్లకోట పొంగితే ఊరికి బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోవడం అక్కడి జనానికి ఏటా అనుభవమే.

పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి. ఈ మూడు నదుల నడుమ ఉన్న నేలలో టేకు, వెదురు, మద్ది, ఇప్ప చెట్లు దట్టంగా ఉంటాయి. గడ్చిరోలి జిల్లా విస్తీర్ణంలో మూడింట రెండు వంతులు ఇప్పటికీ అడవే. ఇంద్రావతి అవతల ఛత్తీస్‌గఢ్‌లో ఇంద్రావతి పులుల అభయారణ్యం, ప్రాణహిత ఇవతల తెలంగాణలో ఆసిఫాబాద్, చెన్నూరు అడవులు. జంతువులకు ఈ మూడు రాష్ట్రాలూ ఒకటే.

1980లో పెద్ది శంకర్ నక్సలైటు దళం ప్రాణహిత దాటి సిరోంచ అడవుల్లో అడుగుపెట్టింది. ఆ ఏడాది నవంబరులోనే శంకర్ పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆ తరువాత నాలుగు దశాబ్దాలు ఈ ప్రాంతం గురించి బయటివారికి తెలిసింది తుపాకుల వార్తలే. 2025 అక్టోబరులో మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు అరవై మంది సహచరులతో గడ్చిరోలిలో లొంగిపోవడంతో ఆ అధ్యాయం చివరికి వచ్చినట్టయింది. రోడ్లు, వంతెనలు, సెల్ టవర్లు వేగంగా వస్తున్నాయి. సూర్జాగఢ్ గనుల నుంచి ఇనుప ఖనిజం లారీలు రాత్రింబవళ్లు తిరుగుతున్నాయి. వీటి వెనకే పర్యాటకం వస్తుంది, రాక మానదు. హేమల్‌కసాలో బాబా ఆమ్టే 1973లో మొదలుపెట్టిన లోక్ బిరాదరీ ప్రకల్ప్‌ను చూడడానికి ఇప్పటికే దూరప్రాంతాల నుంచి జనం వస్తున్నారు. డాక్టర్ ప్రకాశ్ ఆమ్టే, మందాకిని ఆమ్టే దంపతులకు 2008లో మెగసెసె పురస్కారం వచ్చాక ఆ రాకపోకలు ఇంకా పెరిగాయి.

గుర్తులు పెట్టి, పేరు పెట్టి, రోజుల తరబడి నడిచేందుకు తీర్చిదిద్దిన దారి ఈ నేల మీద ఇంకా లేదు. వస్తే మంచిదే అని నా అభిప్రాయం. పెద్ద రిసార్టు కన్నా, జీపు సఫారీ కన్నా కాలినడక అడవికి తక్కువ బరువు. గూడేనికి నేరుగా నాలుగు డబ్బులు తెస్తుంది. అయితే ఆ దారి గీత మొదట ఎవరి చేతిలోంచి రావాలన్నదే అసలు ప్రశ్న. ముంబైలోనో నాగపూర్‌లోనో కంప్యూటర్ మీద గీస్తే అది అడవికీ మాడియాలకూ మరో ముప్పుగానే మిగులుతుంది.

కొండల మీద గీత కన్నా ముందు నేల

ప్రపంచంలో పేరున్న దూరపు నడకదారుల్లో అమెరికాలోని అపలేచియన్ బాట ఒకటి. పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు, 14 రాష్ట్రాల గుండా సాగుతుంది. దాన్ని తలచింది బెంటన్ మెకాయ్. ఆయన అటవీ శాస్త్రం చదివినవాడు, ప్రాంతీయ ప్రణాళికలు రాసినవాడు. 1921లో వాస్తుశిల్పుల పత్రికలో ఈ ఆలోచనను ప్రకటించినప్పుడు ఆయన దృష్టి నడకదారి ఒక్కదాని మీదే లేదు. పర్వత శ్రేణి పొడవునా అడవిని, పల్లెలను నగరాల ఒత్తిడి నుంచి కాపాడాలి, ఆ పనికి బాట వెన్నెముక కావాలి అన్నది ఆయన ప్రతిపాదన.

ఆచరణలో అది తలకిందులైంది. స్వచ్ఛంద కార్యకర్తలు ఎంతో శ్రమపడి 1937 నాటికి బాటను ఒక కొస నుంచి మరో కొసకు కలిపేశారు. చుట్టూ ఉన్న నేల సంగతి మాత్రం అలాగే వదిలేశారు. కొండ శిఖరాల మీదుగా కార్ల రోడ్లు వేయడం మొదలయ్యాక బాటను అక్కడక్కడా పక్కకు జరపాల్సి వచ్చింది. ఆ రోడ్ల విషయంలోనే మెకాయ్‌కీ, బాట నిర్మాణాన్ని నడిపిస్తున్న మైరన్ ఏవరీకీ తీవ్ర విభేదాలొచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ప్రైవేటు భూముల్లో ఇళ్లు లేచాయి. నడిచేవాళ్లు మైళ్ల కొద్దీ తారురోడ్ల అంచున నడిచే గతి పట్టింది. చివరికి 1968లో జాతీయ నడకదారుల చట్టం చేశారు. 1978లో దాన్ని సవరించి, దారికి ఇరువైపులా భూమి కొనడానికి నిధులు ఇచ్చారు. ఇష్టం లేని యజమానుల దగ్గర చట్టం బలంతో తీసుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఆ చేదు కొన్ని లోయల్లో చాలాకాలం నిలిచింది. బాట పూర్తయిన తరువాత దాని కింది నేలను కాపాడుకోవడానికి అరవై, డెబ్బై ఏళ్లు పట్టింది.

భామ్రాగడ్‌కు ఆ అవస్థ అక్కర్లేదు. ఇక్కడ నేల హక్కు ముందే ఊరి చేతిలో ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద గడ్చిరోలిలో వెయ్యికి పైగా ఊళ్లు సామూహిక అటవీ హక్కు పత్రాలు పొందాయి. దేశంలో ఇంత విస్తృతంగా ఈ హక్కు అమలైన జిల్లాలు అరుదు. దారి చూపింది ధానోరా తాలూకాలోని మెండా లేఖ. 2009లో ఆ చిన్న గోండు గూడెం సుమారు 1,800 హెక్టార్ల అడవిపై హక్కు సాధించింది. 2011లో తన వెదురును తానే అమ్ముకునే అధికారం తెచ్చుకుంది. అక్కడి గ్రామసభలో ఓట్లు లెక్కపెట్టరు. అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకుంటారు. ఒక్కరు కాదన్నా నిర్ణయం ఆగుతుంది. బయటివారికి ఇది ఆలస్యంగా కనిపించవచ్చు. ఆ ఆలస్యమే ఆ అడవిని నిలబెట్టింది.

అటవీ హక్కుల చట్టంలోని 5వ సెక్షన్ గ్రామసభకు అడవిని, వన్యప్రాణులను, నీటి వనరులను కాపాడే అధికారం ఇస్తుంది. షెడ్యూల్డు ప్రాంతాలకు వర్తించే 1996 నాటి పెసా చట్టం దానికి తోడు. ఇవి ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉండే రోజులు కావివి. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించినప్పుడు జంతుప్రదర్శనశాలలు, సఫారీలు, ప్రణాళికల్లో చేర్చిన ఎకో టూరిజం సౌకర్యాలను అటవీయేతర వినియోగం నుంచి మినహాయించారు. అంటే కుటీరాలు కట్టడానికి ఒకప్పుడు కేంద్రం దాకా వెళ్లాల్సిన అనుమతి ఇప్పుడు చాలా తేలికైంది. పై నుంచి తలుపు తెరుచుకున్నప్పుడు కింద కాపలా గట్టిగా ఉండాలి. అది గ్రామసభ ఒక్కటే చేయగలదు.

అడగకుండా గీసిన గీతలు

అడగకుండా గీస్తే ఏమవుతుందో ప్రాణహితకు రెండు వైపులా చూశాం. కవ్వాల్, తడోబా పులుల అడవులను కలిపేందుకు తెలంగాణ ప్రభుత్వం 2025 మే నెలలో 49వ నంబరు ఉత్తర్వుతో కుమ్రం భీం సంరక్షణ రిజర్వును ప్రకటించింది. సుమారు ఒకటిన్నర లక్షల హెక్టార్లు. పులుల రాకపోకలకు అది నిజంగా అవసరమైన అడవే. అయితే అందులో బతుకుతున్న ఆదివాసులతో ముందు మాట్లాడలేదు. ఆందోళనలు లేచాయి, జులైలో ఉత్తర్వును నిలిపివేశారు. పులికీ మేలు జరగలేదు, మనిషికీ నమ్మకం మిగలలేదు.

అవతలి ఒడ్డున సిరోంచ రైతులు మేడిగడ్డ బరాజ్ వెనక నీటిలో చేలు మునిగి, పరిహారం కోసం ఏళ్ల తరబడి తిరిగారు. 2019లో ప్రారంభమైన ఆ బరాజ్‌లో 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగడం దేశమంతా చూసింది. ఆ ఒడ్డు ఊళ్ల నష్టం మన పత్రికల్లో ఎంత తక్కువగా వచ్చిందో తలచుకుంటే బాధ కలుగుతుంది. వాళ్లు మాట్లాడేదీ మన భాషే.

ఇంత జరిగాక మరో బయటి మనిషి వచ్చి మీ అడవిలో దారి వేస్తాం అంటే గూడెం అనుమానంగా చూడడంలో తప్పేముంది? ఆ అనుమానాన్ని గౌరవించడం నుంచే పని మొదలుపెట్టాలి.

మనకూ తెలిసిన అడవి నడకలు

దూరాలు నడవడం తెలుగువారికి కొత్త విద్య కాదు. శివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి వేలమంది నడుస్తారు. ఉగాదికి కన్నడ భక్తులు అదే నల్లమల గుండా వస్తారు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో సాగే నడక అది. కార్తీకం నుంచి అయ్యప్ప మాలలు వేసుకునే స్వాములకు ఎరుమేలి నుంచి అళుద, కరిమల మీదుగా పంబకు చేరే పెద్దపాదం తెలుసు. ఆ దారి పెరియార్ పులుల అడవిలోది.

ఈ నడకల్లో నేర్చుకోవలసింది ఎంతో ఉంది. నల్లమలలోనే అమ్రాబాద్ వైపు సలేశ్వరం లోయకు చైత్ర పౌర్ణమి పరిసరాల్లో కొద్దిరోజులే జనాన్ని పంపుతారు. అక్కడి పూజారులు చెంచులు. మిగతా ఏడాదంతా ఆ లోయ జంతువులది. ఒక దారిని ఎప్పుడు మూసి ఉంచాలో తెలియడం దాన్ని తెరవడం కన్నా పెద్ద తెలివి. పెరియార్‌లో స్థానికులతో ఏర్పాటు చేసిన పర్యావరణాభివృద్ధి సంఘాలు పెద్దపాదం పొడవునా దుకాణాలు నడిపి, వంటకు అడవి కట్టెలు కొట్టే అవసరాన్ని తగ్గించాయి. అదే అడవిలో ఒకప్పుడు వేటాడినవారు, చెక్క దొంగిలించినవారు 1990ల చివరి నుంచి యాత్రికులకు దారి చూపుతూ అడవికి కాపలాదారులయ్యారు. ఇక మనం సిగ్గుపడాల్సిన సంగతి: శివరాత్రి వెళ్లిన తరువాత నల్లమల బాటల్లో మిగిలే ప్లాస్టిక్. భక్తితో నడిచే దారికే ఆ గతి పడితే, సరదాగా నడిచే దారికి నియమం ఇంకా గట్టిగా ఉండాలి.

దారి ఎటు వెళ్లాలి?

భామ్రాగడ్ చుట్టుపక్కల కొత్తగా తవ్వాల్సింది దాదాపు ఏమీ లేదు. గూడెం నుంచి గూడేనికి, సంతకు, వాగు రేవుకు, చుట్టాల ఇంటికి మాడియాలు తరతరాలుగా నడిచిన బాటలు ఉన్నాయి. వాటిలో ఏవి యాత్రికుడికి చూపవచ్చు, ఏవి చూపకూడదు అన్నది ఊరి పెద్దలు, ముఖ్యంగా అడవికి రోజూ వెళ్లే ఆడవాళ్లు తేల్చాలి. దేవుడున్న గుట్ట, పూర్వీకుల రాళ్లు నిలిపిన చోటు, యువతీ యువకులు కూడే గోటుల్ ముంగిలి, ఎండాకాలంలోనూ ఎండని ఒకే ఒక్క చెలమ: వీటికి దూరంగా దారి మళ్లాలి. ఎందుకు మళ్లిందో పటంలో రాయనక్కర్లేదు కూడా.

తొలి అంచెగా అల్లాపల్లి నుంచి పెరిమిలి, హేమల్‌కసా మీదుగా భామ్రాగడ్ సంగమం దాకా చాలు. రోడ్డు మీద అది దాదాపు 65 కిలోమీటర్లు. రోడ్డుకు దూరంగా ఊరి బాటల్లో వెళ్తే ఐదారు రోజుల నడక అవుతుంది. అల్లాపల్లికి దగ్గర్లో మహావృక్షాలను నరకకుండా కాపాడిన ఆరు హెక్టార్ల అడవి ముక్క ఉంది. గ్లోరీ ఆఫ్ అల్లాపల్లి పేరుతో 2014లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఆ టేకు చెట్ల కింద తల పైకెత్తి నిలబడితే చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు ఎలా ఉండేదో అర్థమవుతుంది. కొస దగ్గర 1997లో ఏర్పడిన భామ్రాగడ్ అభయారణ్యం ఉంది. విస్తీర్ణం 104 చదరపు కిలోమీటర్లే. అంత చిన్న అభయారణ్యం గుండెలోకి బాట దూర్చకుండా అంచు నుంచి నడిపించాలి.

రెండో ముక్క సిరోంచ వైపు, నదీ తీరాన. ఇక్కడి రాళ్లలో కోట్ల ఏళ్ల నాటి జీవుల శిలాజాలున్నాయి. సిరోంచ తాలూకాలోని కోట గ్రామం పేరే జురాసిక్ కాలపు ఆ రాతి పొరలకు పెట్టారు. పోచంపల్లి దగ్గర దొరికిన బరపాసారస్ అనే డైనోసార్ ఎముకలను కోల్‌కతాలోని భారత గణాంక సంస్థలో నిలబెట్టారు. ప్రాణహితకు ఇవతల యామన్‌పల్లిలో దొరికిన కోటాసారస్‌ను హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో మన పిల్లలు చూస్తూనే ఉన్నారు. వడధాం దగ్గర శిలాజాల పార్కు ఉంది. ఈ ముక్కలో అడవి నష్టం కన్నా రాళ్ల దొంగతనమే ప్రధాన భయం. కాబట్టి ఇక్కడ బాట ఊరి మనిషి వెంట ఉంటేనే నడిచేదిగా ఉండాలి. అసరెల్లి దాటి, ఇంద్రావతి గోదావరిలో కలిసే సోమనూరు సంగమం దాకా ఈ ముక్కను పొడిగించవచ్చు.

ఈ రెండింటినీ ఎలా కలపాలి? కలపకూడదు. నడుమ కమలాపూర్ అడవుల్లో కొలామార్క ఉంది. సుమారు 180 చదరపు కిలోమీటర్ల ఆ ప్రాంతాన్ని 2013లో అడవి గేదెల కోసం సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. మనం ఎక్కువగా చూసే అడవిదున్నలు వేరు, ఇవి వేరు. మన ఇళ్లలోని గేదెలకు పూర్వీకులైన ఈ జాతి మధ్య భారతంలో వేళ్ల మీద లెక్కించే స్థితికి వచ్చింది. ఇంద్రావతి దాటి ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చిపోయే ఆ కొద్ది గేదెలకు మనుషుల అలికిడి, పశువుల రోగాలు రెండూ ప్రమాదమే. 2021 నుంచి ఏనుగుల మంద కూడా ఛత్తీస్‌గఢ్ నుంచి గడ్చిరోలిలోకి వచ్చి తిరుగుతోంది. భామ్రాగడ్ నుంచి సిరోంచకు ఒకే బాట అని పటం మీద నిండుగా చూపించుకోవాలన్న కోరిక కోసం కొలామార్కను చీల్చడం నేరం. ఆ మేరకు యాత్రికుడు అల్లాపల్లికి వెనక్కి వచ్చి రాష్ట్ర రవాణా (ఎస్టీ) బస్సెక్కి సిరోంచలో దిగాలి. బాట మధ్యలో కావాలని వదిలిన ఖాళీ ఆ బాటకు లోటు కాదు. దూరపు బాటలు పొడిగించేవారికి సాధారణంగా ఇది రుచించదు. అపలేచియన్ కథ తెలిసినవారికైనా రుచించాలి.

ఎప్పుడు, ఎందరు, ఎలా

జూన్ నుంచి అక్టోబరు దాకా వాగులు మనిషిని నిలబడనీయవు. అప్పుడు దారి పూర్తిగా మూయాలి. తడి నేల మీద నడిస్తే బాట గాడిపడి, మరుసటి వానకు అదే కాలువ అవుతుంది. మార్చి, ఏప్రిల్ ఇప్పపూల కాలం. తెల్లవారకముందే కుటుంబాలు చెట్ల కిందికి చేరతాయి, అదే పూల కోసం ఎలుగుబంట్లూ వస్తాయి. ఆ వెంటనే తునికాకు కోత. ఏడాది ఆదాయంలో పెద్ద భాగం ఈ రెండింటి మీదే. ఆ వేళ కెమెరాలతో యాత్రికులు అడ్డుపడడం పొట్ట కొట్టడమే. మిగిలింది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నాలుగు నెలలు. అంతే చాలు.

వాలు నేలల్లో బాటను నిటారుగా ఎక్కించకుండా అడ్డంగా, మెల్లగా తిప్పాలి. బయటి అంచును కొంచెం కిందికి వంచితే నీరు బాట వెంట పారకుండా పక్కకు జారిపోతుంది. బాట వాలు ఆ గుట్ట వాలులో సగానికి మించకూడదన్నది బాటలు వేసేవారు పాటించే లెక్క. ఇందుకు జేసీబీ అక్కర్లేదు. పార, గడ్డపార చాలు. ఆ కూలి ఊరికే దక్కాలి. సిమెంటు మెట్లు, ఇనుప కమాన్లు, స్వాగత తోరణాలు ఒక్కటీ వద్దు. మజిలీ వాగు ఒడ్డున కాకుండా కనీసం అరవై మీటర్ల ఎడంలో ఉండాలి. జంతువులు రాత్రి నీటికి వచ్చే దారి మనుషుల గుడారాలతో మూసుకుపోకూడదు. బృందానికి పది మంది, రోజుకు ఒకటో రెండో బృందాలు. ఈ సంఖ్యను గ్రామసభ తగ్గించవచ్చు. ఎవరూ పెంచమని ఒత్తిడి చేయకూడదు.

రెండు విషయాల్లో రాజీ పనికిరాదు. మలేరియా ఈ తాలూకాల్లో ప్రాణాంతకమైన వ్యాధి. దోమతెర, ముందు జాగ్రత్త, జ్వరం వస్తే ఎక్కడికి తీసుకెళ్లాలన్న ఏర్పాటు లేకుండా ఎవరినీ నడిపించకూడదు. అలాగే నలభై ఏళ్ల పోరులో పాతిపెట్టిన మందుపాతరలు ఇక లేవని అడుగడుగునా తనిఖీ చేసి చెప్పాకే ఏ బాటైనా తెరవాలి. ఆ తనిఖీ యాత్రికుల కన్నా ముందు ఊరివారి కోసం జరగాలి.

డబ్బు సంగతి. నడిచేవారు కట్టే రుసుము గ్రామసభ ఖాతాలో పడాలి. వెదురు, తునికాకు వేలాలు సొంతంగా నిర్వహించి లెక్కలు రాసుకుంటున్న సభలకు ఇది బరువు కాదు. ఇలాకా పేరుతో ఊళ్లు కలిసి నిర్ణయించుకునే సంప్రదాయం మాడియాలకు ఎప్పటినుంచో ఉంది. బాట పొడవునా ఉన్న ఊళ్లు ఇలాకాగా కూర్చుని పంచుకోవచ్చు. దారి చూపే పని, అన్నం పెట్టే పని, బాట బాగుచేసే పని ఆ ఊళ్ల యువతీ యువకులకే. బయటి ఏజెన్సీకి గుత్తకిస్తే రెండేళ్లలో ఊరివాళ్లు తమ అడవిలో తామే సామాన్లు మోసే కూలీలవుతారు.

ఏ ఊరైనా వద్దంటే బాట చుట్టూ తిరిగి వెళ్లాలి. చుట్టూ తిరిగే వీలు లేకపోతే అక్కడితో ఆగాలి. ఒప్పుకున్న ఊరు మూడేళ్ల తరువాత మళ్లీ ఆలోచించుకుని కాదన్నా అంతే. ఈ హక్కు కాగితం మీద ఉండాలి, జిల్లా కలెక్టరు, అటవీ శాఖ దాని మీద సంతకం చేయాలి. అది లేకుండా పొడిగించే ప్రతి కిలోమీటరూ అక్రమమే.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. కాళేశ్వరానికి లక్షల మంది తెలుగువారు వస్తారు, వంతెన దాటి సిరోంచ, హేమల్‌కసా వైపు కూడా బండ్లు తిరుగుతాయి. మహారాష్ట్ర ప్రభుత్వానికి ఒక విన్నపం: ఆ రద్దీని చూసి తొందరపడి కుటీరాలకు టెండర్లు పిలవకండి. ముందు అల్లాపల్లి నుంచి భామ్రాగడ్ దాకా ఉన్న గ్రామసభలను కూర్చోబెట్టి, వారి భాషలో అడగండి, వారికి కావలసినంత సమయం ఇవ్వండి. అక్కడికి వెళ్లే మన వాళ్లకూ ఒక మాట. అనుమతి లేకుండా గూడెంలోకి వెళ్లకండి, అడగకుండా ఎవరి ఫొటో తీయకండి, సంగమంలో సీసాలు, కవర్లు వదలకండి, రాయి ఒక్కటి కూడా జేబులో వేసుకోకండి. వారు రావద్దన్న చోటికి వెళ్లకుండా వెనక్కి తిరగండి.